ముడులు రాకపోయినా ఫర్వాలేదు, చేతులు కట్టుకుని నిలబడటం రావాలి

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. కబ్స్‌లో (చిన్నపిల్లల విభాగంలో) మొదలుపెట్టి ఇప్పుడు స్కౌట్ ట్రూప్‌లో, అంటే పెద్దపిల్లల బృందంలో ఉన్నాడు. వాళ్ల స్కౌట్ మాస్టర్‌గారికి బదిలీ అయింది. ఆయన స్థానంలో నన్ను రమ్మని గ్రూప్ వాళ్లు అడుగుతున్నారు, ఎవరూ రాకపోతే ట్రూప్ మూసేయాల్సి వస్తుందంటున్నారు. నేను ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పుడు స్కౌట్స్‌లో లేను, టెంట్ వేయడం రాదు, ఒక్క ముడి కూడా రాదు. మా ఆయన "ఒకసారి తలదూరిస్తే మళ్లీ బయటికి రాలేవు" అంటున్నారు. మా వాడేమో "నువ్వొస్తే నా పరువు పోతుంది" అంటున్నాడు. పిల్లలంటే ఇష్టమే కానీ టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా?

సమాధానం: ఒప్పుకోండి. కాకపోతే వాళ్లు అడిగిన పద్ధతిలో కాదు, మీరు పెట్టే షరతుల మీద.

ముందు ఆ "ట్రూప్ మూతపడుతుంది" అన్న మాట సంగతి చూద్దాం. పెద్దవాళ్ల కొరత ఉన్న ప్రతి గ్రూప్‌లోనూ ఈ మాట వినపడుతుంది, నిజం కూడా కావచ్చు, కానీ మొహమాటపెట్టి తెచ్చుకున్న లీడర్ ఏడాది తిరక్కుండానే విసుగెత్తి వెళ్లిపోతారు. ఒక్క మనిషి వెళ్లిపోతే మూతపడే స్థితిలో ట్రూప్ ఉందంటే, ఆ ఒక్క మనిషి ఖాళీలో ఇంకో ఒక్క మనిషిని కూర్చోబెట్టినంత మాత్రాన అది బాగుపడదు. కాబట్టి మీ మొదటి షరతు ఇదే: నాతోపాటు ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు పేరు ఇస్తే నేనూ ఇస్తాను. ఇద్దరు దొరక్కపోతే కనీసం ఒకరు. ఈ షరతులో మొండితనమేమీ లేదు, ఎందుకంటే స్కౌటింగ్‌లో ఒక్క పెద్ద మనిషే పిల్లలందరినీ వెంటేసుకుని తిరగడం అనేదే ఉండకూడదు, దాని గురించి కింద చెబుతాను.

ఇక ముడులు. అందరూ భయపడేది వీటికే, నిజానికి ఈ పనిలో అన్నిటికన్నా తేలికైనది ఇదే. రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బౌలైన్, వీటి తర్వాత రెండు కర్రల్ని కలిపి బిగించే స్క్వేర్ లాషింగ్. ఒక తాడు ముక్క తీసుకుని కుర్చీ కాలికి కట్టుకుంటూ కూర్చుంటే కొన్ని సాయంత్రాల్లో వచ్చేస్తాయి. కానీ నన్నడిగితే ఇంట్లో నేర్చుకుని వెళ్లొద్దు. మొదటి మీటింగ్‌లో ట్రూప్‌లో ఎవరో ఒక పిల్లాడిని పిలిచి "నాకు బౌలైన్ రాదు, నేర్పుతావా?" అని అడగండి. వాడు తాడు తీసుకుని చిన్న ఉచ్చు వేసి, కొసని కింద నుంచి పైకి తీసి, అసలు తాడు వెనక నుంచి తిప్పి మళ్లీ అదే ఉచ్చులోకి దించుతాడు. మీరు తప్పు వేస్తారు. "అటు కాదండీ, వెనక నుంచి" అంటూ విప్పి మళ్లీ మొదట్నుంచి చూపిస్తాడు. మూడోసారికి వాడికే అర్థమవుతుంది తను ఎక్కడ సరిగ్గా చెప్పడం లేదో. నేర్పిన పిల్లాడు ఆ ముడిని మర్చిపోడు, చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఓ పెద్ద మనిషి తనకు రానిదాన్ని సిగ్గుపడకుండా అడిగి నేర్చుకోవడం చూస్తారు. బోలెడు బ్యాడ్జ్‌లున్న పాత స్కౌట్‌కి ఈ పని అంత తేలిగ్గా రాదు, అతనికి అన్నీ వచ్చు కాబట్టి చూపించకుండా ఉండలేడు.

అకౌంట్స్ చూస్తానన్నారు కదా, ఒక చిన్న హెచ్చరిక. ఆ సంగతి తెలిసిన మరుక్షణం మిమ్మల్ని లెక్కల పుస్తకాల ముందు కూర్చోబెడతారు. అది మీకు ఇష్టమైతే సరే. పిల్లలతో ఉండాలనుకుంటే మాత్రం ఆ మాట మొదటి రోజే చెప్పేయండి. రెండూ నెత్తిన వేసుకుంటే మీ ఆయన చెప్పిందే నిజమవుతుంది.

అసలు కష్టం ఎక్కడుందో చెప్పాలంటే ఈ ఉద్యమం ఎలా మొదలైందో కొంచెం తెలియాలి. 1907 ఆగస్టులో, స్కౌటింగ్ మొదలుపెట్టిన రాబర్ట్ బేడెన్-పవెల్ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో ఓ ఇరవై మంది అబ్బాయిలతో క్యాంప్ పెట్టాడు. పేరున్న స్కూళ్లలో చదివే కలవారి పిల్లల్నీ, మామూలు కార్మిక కుటుంబాల పిల్లల్నీ కలిపి నాలుగు పెట్రోళ్లుగా, అంటే చిన్న జట్లుగా విడదీశాడు, ఒక్కో పెట్రోల్‌కి ఒక్కో అబ్బాయిని లీడర్‌గా పెట్టాడు. మరుసటి ఏడు, 1908లో, ఆయన రాసిన పుస్తకం పదిహేను రోజులకో భాగం చొప్పున అచ్చవుతుంటే అది చదివిన పిల్లలు ఎవరి అనుమతీ అడక్కుండా తమంతట తామే పెట్రోళ్లు కట్టేసుకున్నారు. చాలాచోట్ల పెట్రోల్ ముందు తయారైంది, ఆ తర్వాత పిల్లలే "మాకో స్కౌట్ మాస్టర్ కావాలి" అని తెలిసిన పెద్దవాళ్లని వెతుక్కుంటూ వెళ్లారు. 1909లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్ల ర్యాలీ పెడితే అమ్మాయిలు కూడా పిలవకుండానే వచ్చేసి మేమూ స్కౌట్లమే అన్నారు, గర్ల్ గైడ్స్ పుట్టింది ఆ తర్వాతే. అంటే ఇక్కడ పిల్లలు ముందు, పెద్దవాళ్లు తర్వాత. ఈ వరస తిరగబడిన చోటల్లా ట్రూప్ కాస్తా యూనిఫాం వేసుకున్న ట్యూషన్ క్లాస్ అయిపోతుంది.

కాబట్టి మీ పని టెంట్ వేయడం కాదు, ఆరు నుంచి ఎనిమిది మంది ఉన్న ఒక పెట్రోల్ తన టెంట్ తాను వేసుకునేదాకా ఆగడం. వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. క్యాంప్‌లో మొదటి సాయంత్రం అనుకోండి. మేఘం పట్టి ఉంది. ఒక పెట్రోల్ వాళ్లు నేల మెత్తగా ఉందని పల్లంలో టెంట్ వేస్తున్నారు, వాన పడితే నీళ్లన్నీ అక్కడికే వస్తాయని మీకు కనిపిస్తోంది. పెట్రోల్ లీడర్‌కి పధ్నాలుగేళ్లుంటాయి, అప్పటికే ఇద్దరితో వాదించి గెలిచాడు. ఇక్కడ మీరు "అక్కడొద్దు, ఇక్కడ వేయండి" అంటే టెంట్ బాగుంటుంది, లీడర్ మాత్రం ఇక లీడర్ కాడు, రేపట్నుంచి ప్రతిదానికీ పిల్లలు అతన్ని దాటి మీ దగ్గరికే వస్తారు. మీరు అతన్ని కాస్త పక్కకు పిలిచి "రాత్రి వాన పడితే ఈ నీళ్లు ఎటు పోతాయంటావ్?" అని మాత్రం అడగండి. అతను ఒకసారి నేల చూస్తాడు. మార్చొచ్చు, మార్చకపోవచ్చు. మార్చకపోతే రాత్రి స్లీపింగ్ బ్యాగులు తడుస్తాయి. అందుకే మీ దగ్గర ఎవరికీ కనపడకుండా పొడి దుప్పట్లు కొన్ని, పడుకోవడానికి ఇంకో చోటు సిద్ధంగా ఉండాలి. తడిసి చలికి వణుకుతున్న పిల్లాడిని "పాఠం నేర్చుకోనీ" అని వదిలేయడం మూర్ఖత్వం.

వంట కూడా అంతే. పొయ్యి అంటుకోదు, అంటుకున్నాక గిన్నె అడుగంటుతుంది, మిగతా పెట్రోళ్లు తిని గిన్నెలు కడిగేసుకుంటున్నా వీళ్లది ఇంకా ఉడకదు, ఒకడు ఏడుపు ముఖం పెడతాడు. మీ చెయ్యి గరిటె మీదికి పోతుంది. చేతులు కట్టుకోండి. లేదా దూరంగా వెళ్లి ఏదైనా పని పెట్టుకోండి, ఏ పనీ లేకపోతే ఉన్నట్టు నటించండి (అనుభవమున్న లీడర్లు చాలామంది ఇదే చేస్తారు, బయటికి చెప్పరంతే). ఆలస్యంగా తింటారు, సగం ఉడికిందే తింటారు, కానీ ఆ తిండి గురించి వాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

మరి ఎప్పుడు కలగజేసుకోవాలి? నిప్పు, కత్తి, గొడ్డలి, నీళ్లు, ఎత్తు, వాహనాలు, వీటి దగ్గర ఆలోచన వద్దు, గొంతు పెంచి ఆపేయండి, లీడర్‌గారి పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు. అలాగే ఒకడిని పట్టుకుని అందరూ వెక్కిరిస్తున్నా, అంట్లు తోమే పని ప్రతిసారీ ఒకడి మీదే పడుతున్నా, ఎవరైనా పిల్లాడు రోజంతా ఒక్కడే అంచున తిరుగుతున్నా మీరు చూసీ చూడనట్టు ఊరుకోకూడదు. పెట్రోల్ పద్ధతిలో ఉన్న ప్రమాదమల్లా ఇదే. పిల్లల చేతికి అధికారం ఇచ్చినప్పుడు ఆ అధికారం ఎటు పోతోందో కనిపెట్టి చూసే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి మీరే. అలాంటప్పుడు కూడా వీలైతే పెట్రోల్ లీడర్ ద్వారానే సరిచేయించండి, అతనే వెక్కిరిస్తున్నవాడైతే నేరుగా మీరే.

ఇక పిల్లలకు కనపడని పని మీది. క్యాంప్ స్థలం ముందే వెళ్లి చూసి రావడం, ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో, దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో, అక్కడికి బండి పోతుందో లేదో తెలుసుకోవడం, ఎవరికి ఏ అలర్జీ ఉందో, ఎవరు ఏ మందు ఏ వేళకు వేసుకోవాలో కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవడం, తల్లిదండ్రుల సంతకాలు తీసుకోవడం. ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేయండి, ముడులకన్నా ముందు అది. ఇవన్నీ ఒక పద్ధతి ప్రకారం రాసిపెట్టుకునే మనుషులకు బాగా వచ్చే పనులు. మీకు వచ్చే ఉంటాయి.

పెట్రోల్ లీడర్లు కలిసి కూర్చుని ట్రూప్ ఏం చేయాలో తేల్చుకునే సమావేశం ఒకటి ఉంటుంది, చాలాచోట్ల కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. ఇందులో మీరు అందరికన్నా చివర మాట్లాడండి. మొదట మాట్లాడితే అందరూ మీ మాటకే తలూపుతారు, వచ్చే మూడు నెలల కార్యక్రమం మీరే వేసినట్టవుతుంది, అమలయ్యే రోజున ఎవరికీ పట్టదు. వాళ్లు వేసే ప్లాన్ మీకన్నా నాసిగా ఉండొచ్చు. ఉండనివ్వండి.

ఇప్పుడు భద్రత సంగతి, దీన్ని మాత్రం నెమ్మదిగా చదవండి. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని బాయ్ స్కౌట్స్ సంస్థ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకి వెళ్లింది. చిన్నప్పుడు స్కౌటింగ్‌లో లైంగిక వేధింపులకు గురయ్యామంటూ 82,000 మందికి పైగా క్లెయిమ్‌లు వేశారు, పరిహారం కోసం 246 కోట్ల డాలర్ల నిధి పెట్టే ఒప్పందం కుదిరింది. అంత పెద్ద పేరున్న సంస్థలో, అంతమంది మంచివాళ్ల మధ్య ఇది దశాబ్దాల పాటు జరిగింది. "మా వాళ్లు అలాంటివాళ్లు కాదు" అన్న నమ్మకమే వేధించేవాళ్లకి ఎప్పుడూ అక్కరకొచ్చింది. ఇప్పుడు ప్రపంచ స్కౌట్ సంస్థకు సేఫ్ ఫ్రమ్ హార్మ్ అనే విధానం ఉంది, దేశాల వారీగా సంఘాలకు సొంత నిబంధనలు ఉన్నాయి. మీ సంఘం నిబంధనలు తెప్పించుకుని చదవండి, శిక్షణ ఉంటే మొదటి మీటింగ్‌కి ముందే పూర్తి చేయండి. స్థూలంగా చెప్పాలంటే, ఏ పెద్ద మనిషీ ఏ పిల్లాడితోనూ మరొకరి కంటికి కనపడని చోట ఒంటరిగా ఉండకూడదు. మాట్లాడాల్సి వస్తే నలుగురికీ కనపడేచోట, మాట వినపడనంత దూరంలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. పెద్దవాళ్ల టెంట్ వేరు, పిల్లల టెంట్ వేరు. ఫోన్‌లో పిల్లాడికి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఇంకో లీడరో తల్లిదండ్రులో అందులో ఉండాల్సిందే. "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అనే మాట లీడర్ నోటి వెంట రాకూడదు. మీ గతం గురించి విచారణ చేస్తామంటే నొచ్చుకోవద్దు, చేయకపోతే ఎందుకు చేయలేదని మీరే అడగండి.

ఎప్పుడైనా ఒక పిల్లాడో పిల్లో మీ దగ్గరికొచ్చి ఇంట్లోనో స్కూల్లోనో ట్రూప్‌లోనో తనకి జరిగిందేదో చెప్పడం మొదలుపెడితే వినండి, మధ్యలో ఆపొద్దు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. పోలీసులా గుచ్చి గుచ్చి అడగొద్దు. చెప్పినందుకు మంచి పని చేశావని చెప్పి, విన్నది విన్నట్టు, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకుని ఆ రోజే మీ సంఘంలో దీనికి బాధ్యులైనవాళ్లకి తెలియజేయండి, పిల్లలకి అప్పటికప్పుడు ప్రమాదం ఉందనిపిస్తే పోలీసులకి. "ముందు నేను కనుక్కుంటాను" అని ఆరోపణ ఉన్న మనిషి దగ్గరికి వెళ్లొద్దు. ఎంత తెలిసినవాళ్లైనా సరే.

మీ అబ్బాయి పరువు సంగతికొస్తే, నవ్వి కొట్టిపారేయకండి. వాడికి అమ్మ లేని చోటు ఒకటి ఉండేది, ఇప్పుడు అక్కడికి మీరు వస్తున్నారు. కూర్చోబెట్టి ఏం చేస్తే ఫర్వాలేదో అడగండి, ట్రూప్‌లో మిగతావాళ్లు మిమ్మల్ని ఎలా పిలుస్తారో వాడూ అలాగే పిలవాలా అన్నది కూడా వాడినే తేల్చుకోనివ్వండి. వాడి బ్యాడ్జ్ పరీక్షలు ఇంకో లీడర్ చూస్తారని ముందే చెప్పేయండి, దాంతో సగం గొడవ తీరిపోతుంది. ట్రూప్‌లో జరిగింది భోజనాల దగ్గర ఎత్తొద్దు. లీడర్ల పిల్లల విషయంలో నేను ఎక్కువగా చూసింది వాళ్లని నెత్తినెక్కించుకోవడం కాదు, పక్షపాతం అంటారేమోనన్న భయంతో మిగతా పిల్లలకన్నా వాళ్లనే ఎక్కువ తిట్టడం. రోజూ వేరే పిల్లాడు చేసిన తప్పుకి నవ్వేసి, అదే తప్పు సొంత కొడుకు చేస్తే అందరి ముందూ కేకలేస్తారు. వాడికి అర్థం కాదనుకోవద్దు.

మీ ఆయన మాటలో నిజముంది. వారానికో మీటింగే కదా అనిపిస్తుంది, కానీ దాని వెనక తయారీ, పెద్దల సమావేశాలు, క్యాంపులు, రాత్రి పడుకునే వేళకి "మా వాడికి బ్యాడ్జ్ ఎందుకు రాలేదు" అని తల్లిదండ్రుల ఫోన్లు, ఇవన్నీ ఎవరూ ముందు చెప్పరు. అందుకని రెండో షరతు: ఒక ఏడాదికి మాత్రమే ఒప్పుకుంటున్నానని రాతపూర్వకంగా చెప్పండి, ఏడాది అయ్యాక ఉండాలో వద్దో మీ ఇంట్లో కూర్చుని మళ్లీ తేల్చుకోండి. ఫోన్లు ఏ వేళ దాకా తీస్తారో తల్లిదండ్రులకి మొదటి వారమే చెప్పేయండి. సాయం కావాల్సినప్పుడు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్‌లో "ఎవరైనా రాగలరా?" అని పెట్టకండి, ఎవరూ రారు, తలా ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఫలానా వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి "శనివారం పొద్దున ఆరింటికి టెంట్లు మీ బండిలో తేగలరా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ, అలా నాలుగుసార్లు వచ్చినవాళ్లలోంచే మీ తర్వాతి లీడర్ దొరుకుతారు.

శిక్షణ గురించి ఒక్క మాట. లీడర్ల శిక్షణలో వుడ్ బ్యాడ్జ్ అని ఒకటుంది, 1919లో లండన్ దగ్గరున్న గిల్వెల్ పార్క్‌లో మొదలైంది, పూర్తి చేసినవాళ్లకి తోలు తాడుకి గుచ్చిన రెండు చెక్క పూసలు ఇస్తారు. వాటి మీద మోజు కొందరికి మరీ ఎక్కువ, అది వదిలేయండి. కోర్సులో బాగుండేదేమిటంటే పెద్దవాళ్లని కూడా పెట్రోళ్లుగా చేసి, పిల్లలు చేసే పనులన్నీ మీ చేత చేయిస్తారు. పని చేతకాని పెట్రోల్ లీడర్ కింద వానలో వంట చేయడం ఎలా ఉంటుందో స్వయంగా అనుభవించాక పిల్లల మీద సహనం దానంతటదే వస్తుంది. అది అయ్యేదాకా ఆగక్కర్లేదు, మొదటి ఏడాదిలో ఎప్పుడైనా వెళ్లండి.

ఇప్పటికిప్పుడు ఏం చేయాలంటే, పేరు ఇవ్వకముందే కొన్ని మీటింగ్‌లకి వెళ్లి వెనక కూర్చోండి. ఎవరు మాట్లాడుతున్నారో చూడండి, పెట్రోల్ లీడర్లా, పెద్దవాళ్లా. మొత్తం పెద్దవాళ్లే మాట్లాడుతుంటే మీకు పని ఎక్కువ ఉందని అర్థం, ఆ అలవాటు మార్చడానికి చాలా నెలలు పడుతుంది, పిల్లలు కూడా మొదట్లో "ఏం చేయాలో మీరే చెప్పండి" అని విసుక్కుంటారు. వెళ్లిపోతున్న స్కౌట్ మాస్టర్‌గారిని ఊరు వదిలేలోపు ఒక రాత్రి క్యాంప్ అయినా మీతో కలిసి చేయమని అడగండి. పిల్లల ఆరోగ్య వివరాల ఫారాలు, సామాను జాబితా, లెక్కలు చేతికి తీసుకోండి. రెండో పెద్ద మనిషి దొరకలేదు, అయినా మీరొక్కరే మొదలుపెట్టేయండి అంటే మాత్రం కుదరదని చెప్పేయండి, ఆ తర్వాత ట్రూప్ మూతపడినా అది మీవల్ల కాదు. అన్నీ కుదిరి ఒప్పుకున్నాక, స్టోర్ గది తాళం తీసుకునే ముందు టెంట్లన్నీ బయటికి తీయించి పిల్లల చేతే విప్పించి చూడండి. పోయిన క్యాంప్‌లో తడిగా మడిచి పెట్టినవి ఒకటి రెండు తప్పకుండా బూజు పట్టి ఉంటాయి, అవి మీ హయాంలో పాడైనట్టు లెక్కలో పడకూడదు.